స్కోప్యే: పాతగా కనిపించేవే కొత్తవి

మదర్ థెరెసా ఎక్కడ పుట్టారు అని అడిగితే మనలో సగం మంది అల్బేనియా అంటారు, మిగతా సగం యుగోస్లావియా అంటారు. ఆవిడ 1910 ఆగస్టు 26న పుట్టింది స్కోప్యేలో. అప్పటికి అది ఒట్టోమన్ సామ్రాజ్యంలోని ఒక ఊరు. ఆవిడకి రెండేళ్ళు నిండాక బాల్కన్ యుద్ధంలో సెర్బియా చేతికి వెళ్ళింది, ఆ తర్వాత యుగోస్లావియా రాజ్యంలో భాగమైంది, రెండో ప్రపంచ యుద్ధంలో బల్గేరియా ఆక్రమించింది, యుద్ధం అయ్యాక టిటో సోషలిస్టు యుగోస్లావియాలో మాసిడోనియా రిపబ్లిక్‌కి రాజధాని అయింది, 1991 నుంచి స్వతంత్ర దేశానికి రాజధాని. ఆ దేశం పేరు కూడా 2019లో మారి ఉత్తర మాసిడోనియా అయింది. ఒక మనిషి జీవితకాలంలో ఇన్ని జెండాలు మారిన ఊరు ఇది. వచ్చిన ప్రతి పాలకుడూ ముందువాడు కట్టినదాన్ని కూల్చో, కప్పేసో, దాని పక్కన ఇంకా పెద్దది కట్టో తన గుర్తు వేసుకున్నాడు.

అందుకే ఈ ఊరి కట్టడాల గురించి రాసినవి చదువుతుంటే తల తిరుగుతుంది. ఒకరు దీన్ని యూరప్‌లోని పెద్ద ఒట్టోమన్ బజార్లలో ఒకటి ఉన్న ఊరు అంటారు, ఇంకొకరు కాంక్రీటు కట్టడాల అభిమానులు తప్పకుండా చూడాల్సిన ఊరు అంటారు, మరొకరు విగ్రహాల ఊరు అంటారు. మూడూ నిజమే. నది ఒడ్డున నిలబడితే మూడూ ఒకే చూపులో కనిపిస్తాయి కూడా. చిక్కంతా ఎక్కడొస్తుందంటే, తెల్లటి స్తంభాలూ గ్రీకు దేవాలయంలాంటి ముఖద్వారాలూ ఉన్న భవనాలు చూసి ఇవి రెండు మూడు వందల ఏళ్ళ నాటివి అనుకుంటాం, పక్కన బూడిద రంగు కాంక్రీటు చూసి అది ఈమధ్య కట్టింది అనుకుంటాం. జరిగింది దానికి తలకిందులు. స్తంభాల భవనాలు 2010 తర్వాత కట్టినవి, కాంక్రీటువి 1960లు, 70ల నాటివి. ఈ తలకిందులు ఎలా వచ్చిందో అర్థమైతే ఊరు మొత్తం అర్థమవుతుంది.

నిజంగా పాతది ఏమిటో ముందు చూద్దాం. ఊరి మధ్యలోంచి వర్దార్ నది పోతుంది. ఉత్తరం ఒడ్డున కోట, దాని కింద పాత బజారు. రోమన్ల కాలంలో ఇక్కడికి దగ్గర్లోనే స్కూపీ అనే పట్టణం ఉండేది, 518లో వచ్చిన భూకంపంతో అది నేలమట్టమైంది. 1392లో ఒట్టోమన్లు వచ్చారు, ఐదు వందల ఏళ్ళకి పైగా ఉన్నారు. నది మీద రాతి వంతెన పదిహేనో శతాబ్దం మధ్యలో, సుల్తాను రెండో మెహ్మెద్ కాలంలో కట్టింది, పొడవు సుమారు 214 మీటర్లు, ఇప్పటికీ జనం దాని మీదే నడుస్తున్నారు. బజారులో 1436 నాటి సుల్తాన్ మురాద్ మసీదు ఉంది, 1492 నాటి ముస్తఫా పాషా మసీదు ఉంది. దావుత్ పాషా కట్టించిన హమామ్ (స్నానశాల) గుమ్మటాల కింద ఇప్పుడు జాతీయ చిత్రశాల నడుస్తోంది. దూరప్రాంతాల వ్యాపారులు సరుకుతో వచ్చి దిగే సత్రాలు మూడు మిగిలాయి: కపాన్ హాన్, సులి హాన్, కుర్షుమ్లి హాన్. మధ్యలో విశాలమైన ముంగిలి, చుట్టూ రెండంతస్తుల కమానుల వరండాలు, కింద గుర్రాలకీ సరుకుకీ చోటు, పైన గదులు.

ఈ బజారు కూడా చెక్కుచెదరకుండా మనదాకా వచ్చిందేమీ కాదు. 1555 భూకంపంలో దెబ్బతింది. 1689లో ఆస్ట్రియా సేనాని పికొలోమిని ఊరిని తగలబెట్టించాడు, ఆ మంట తర్వాత కోలుకోవడానికి తరాలు పట్టింది. 1963లో మళ్ళీ భూకంపం. ప్రతిసారీ మరమ్మతు చేసుకుని వాడుకుంటూ వచ్చారు. ముస్తఫా పాషా మసీదుని ఈమధ్య టర్కీ ప్రభుత్వ సంస్థ డబ్బు పెట్టి బాగుచేయించింది.

బజారు పక్కనే స్వేతి స్పాస్ అనే చిన్న చర్చి ఉంది, ఈ ఊళ్ళో నాకు అన్నిటికంటే నచ్చిన కట్టడాల్లో అదొకటి. బయటినుంచి చూస్తే అక్కడ చర్చి ఉందనే అనిపించదు. మసీదు కంటే ఎత్తుగా కనబడకూడదు కాబట్టి సగం నేలలోకి దించి కట్టారు. లోపలికి దిగితే వాల్‌నట్ చెక్కతో చేసిన పెద్ద తెర, పది మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల ఎత్తు, 1824లో పూర్తయింది. పేత్రే, మార్కో ఫిలిపోవ్‌స్కి అనే అన్నదమ్ములూ మకారియే ఫ్రచ్‌కోవ్‌స్కి అనే మరో శిల్పీ కలిసి చెక్కారు. బైబిలు కథలన్నీ అందులో ఉన్నాయి. హేరోదు ముందు నాట్యం చేసే సలోమేకి మాత్రం ఈ ప్రాంతపు పల్లె ఆడవాళ్ళు వేసుకునే బట్టలు తొడిగారు. ఒక మూల ముగ్గురు మనుషులు పనిముట్లు పట్టుకుని చెక్క మీద వంగి పని చేస్తూ కనిపిస్తారు, వాళ్ళు ఆ శిల్పులే, తమను తామే చెక్కుకున్నారు. పైకి ఎత్తు పెంచుకునే వీల్లేని చోట తమ పనితనమంతా లోపల పెట్టారు.

ఇక 1912 తర్వాత. సెర్బియా పాలనలో, ఆపైన యుగోస్లావియా రాజ్యంలో, ఊరు నది దాటి దక్షిణం వైపు యూరప్ తరహాలో పెరగడం మొదలైంది. కొత్త చౌరస్తా, చుట్టూ అలంకారాల మేడలు, బ్యాంకులు, రైల్వే స్టేషన్. 1926 నాటి రిస్తిచ్ ప్యాలెస్ ఇప్పటికీ చౌరస్తా మూల ఉంది. ఆ రోజుల్లో మేయరుగా పనిచేసిన యోసిఫ్ మిహైలోవిచ్ స్వయంగా ఆర్కిటెక్టు, 1929లో ఊరికి పూర్తి ప్లాను గీశాడు.

ఈ ఊరి గొడవంతా ఒకే స్థలంలో చూడాలనుకుంటే చౌరస్తాలో నది పక్కనున్న ఒక ప్లాటు కథ చాలు. పదిహేనో శతాబ్దం చివర్లో అక్కడ బుర్మాలి మసీదు కట్టారు. 1925లో దాన్ని కూల్చేసి, 1929 నాటికి అదే చోట సైనికాధికారుల క్లబ్బు లేపారు, చాలా అందమైన భవనం, పాత పోస్టుకార్డుల్లో స్కోప్యే అంటే అదే కనిపించేది. 1963 భూకంపంలో అది పాడైంది, బాగుచేయడానికి బదులు తీసేశారు. దశాబ్దాల పాటు ఆ జాగా ఖాళీగా ఉంది. 2010 తర్వాత ప్రభుత్వం అదే క్లబ్బుని అక్కడే మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. వెంటనే ముస్లిం మతసంస్థ అడిగింది, 1929 నాటి భవనాన్ని తిరిగి కడుతున్నప్పుడు దానికి ముందు నాలుగు వందల ఏళ్ళు అక్కడ నిలిచిన మసీదుని ఎందుకు కట్టకూడదు అని. ఏ సంవత్సరం దగ్గర ఆగి ‘ఇదీ మన అసలు పాత ఊరు’ అంటారో దాన్ని బట్టి ఎవరు సొంతవాళ్ళు, ఎవరు పైవాళ్ళు అన్నది తేలిపోతుంది. ఆర్కిటెక్చర్ పేరుతో ఇక్కడ జరిగే వాదనల్లో చాలా భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు భూకంపం. 1963 జులై 26, తెల్లవారుజామున 5 గంటల 17 నిమిషాలు. తీవ్రత 6.1, కుదిపింది దాదాపు ఇరవై సెకన్లే. వెయ్యి మందికి పైగా చనిపోయారు, రెండు లక్షల మంది దాకా నిలువ నీడ లేకుండా అయ్యారు, ఊళ్ళో దాదాపు ముప్పావు వంతు కట్టడాలు కూలిపోవడమో పనికిరాకుండా పోవడమో జరిగింది. పాత రైల్వే స్టేషన్ గోడ మీది గడియారం 5:17 దగ్గర ఆగిపోయింది. విరిగిన ఆ స్టేషన్‌ని అలాగే ఉంచి నగర మ్యూజియం చేశారు, ముళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మదర్ థెరెసాకి బాప్తిస్మం జరిగిన కాథలిక్ చర్చి కూడా ఆ భూకంపంలోనే పోయింది. 2009లో ప్రారంభించిన ఆవిడ స్మారక భవనం ఆ చర్చి ఉన్న చోటే కట్టారు.

తర్వాత జరిగింది ఆ కాలపు ప్రపంచ రాజకీయాల్లో అరుదైన విషయం. క్యూబా క్షిపణుల గొడవకి ఇంకా ఏడాది కూడా నిండలేదు, అమెరికా, రష్యా రెండూ అణుబాంబుల దాకా వెళ్ళి వెనక్కొచ్చాయి. అలాంటి రోజుల్లో ఆ రెండు దేశాల సైనికులూ ఒకే ఊళ్ళో సహాయక పనులు చేశారు. టిటో ఏ శిబిరంలోనూ లేడు, నెహ్రూ, నాసర్‌లతో కలిసి అలీనోద్యమం నడిపినవాడు కాబట్టి ఏ దేశమైనా మొహమాటం లేకుండా సాయం చేయగలిగింది. డెబ్భై ఎనభై దేశాలు చెయ్యందించాయి. సోవియట్ యూనియన్ ఇళ్ళ ప్యానెళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీనే ఇచ్చింది. పోలండు ఆధునిక కళా మ్యూజియం కట్టించి ఇచ్చింది, కోట గుట్ట మీద 1970 నుంచి ఉంది, దానికి పికాసో తన బొమ్మ ఒకటి పంపాడు. స్విట్జర్లాండు ఇచ్చింది ఒక బడి. ఆల్ఫ్రెడ్ రోత్ అనే ఆర్కిటెక్టు డిజైన్ చేసిన ఆ పెస్టలోజ్జి పాఠశాల 1969లో పూర్తయింది. ఆ భవనం నేరుగా పునాది మీద నిలబడదు, పునాదికీ గోడలకీ మధ్య రబ్బరు దిమ్మెలు పెట్టారు, నేల ఊగితే ఆ ఊపు పిల్లల తరగతి గదుల దాకా పూర్తిగా చేరకుండా రబ్బరు మింగేస్తుంది. భూకంపాల నుంచి భవనాన్ని కాపాడడానికి రబ్బరు వాడిన మొదటి కట్టడం ప్రపంచంలో ఇదే అంటారు. తర్వాత జపాన్‌లో, అమెరికాలో, మన దేశంలో భుజ్‌ ఆసుపత్రిలో వాడిన పద్ధతులన్నిటికీ వేరు ఇలాంటి చోట్ల ఉంది. 1965లోనే స్కోప్యేలో భూకంప ఇంజనీరింగ్ సంస్థ ఒకటి పెట్టారు, అది ఇప్పటికీ పనిచేస్తోంది.

ఐక్యరాజ్యసమితి ఊరికి కొత్త ప్లాను వేయించే బాధ్యత తీసుకుంది. యుద్ధంలో నేలమట్టమైన వార్సాని తిరిగి నిలబెట్టిన అడోల్ఫ్ సిబోరోవ్‌స్కిని తీసుకొచ్చారు, మొత్తం నగరం ప్లాను మీద గ్రీసుకి చెందిన దొక్సియాదిస్ సంస్థ పనిచేసింది. సెంటరు వరకు 1965లో పోటీ పెట్టారు. నాలుగు యుగోస్లావ్ బృందాలు, నాలుగు విదేశీ బృందాలు. జ్యూరీ ఎవరికీ పూర్తి గెలుపు ఇవ్వలేదు, బహుమతిలో 60 శాతం జపాన్‌కి చెందిన కెంజో టాంగేకి, 40 శాతం జాగ్రెబ్ ఆర్కిటెక్టులు మిష్చెవిచ్, వెంజ్లర్‌లకి ఇచ్చి ఇద్దరూ కలిసి చేయమంది. హిరోషిమా శాంతి పార్కు డిజైన్ చేసినవాడు టాంగే, బూడిదైన ఊరిని మళ్ళీ ఊహించడం ఆయనకి తెలిసిన పని. తర్వాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధుడైన అరాటా ఇసోజాకి అప్పుడు ఆయన బృందంలో కుర్రాడు.

టాంగే ఆలోచనలో రెండు ముక్కలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి నగర ద్వారం: రైళ్ళూ బస్సులూ ఆఫీసులూ అన్నీ కలిసిన పెద్ద రవాణా కేంద్రం, ఊళ్ళోకి వచ్చేవాళ్ళు దానిగుండా వస్తారు. రెండోది నగర ప్రాకారం: సెంటరు చుట్టూ గోడలా నిలిచే అపార్టుమెంట్ల వలయం. పాత కోటలకి గోడ శత్రువుని ఆపడానికైతే ఇక్కడ గోడలోనే జనం ఉంటారు, సెంటరులో కేవలం ఆఫీసులే మిగిలి సాయంత్రానికి చచ్చుబడిపోకుండా కాపాడుతుంది. ఈ ప్రాకారం దక్షిణం వైపు కట్టారు, ఇప్పటికీ అందులో కాపురాలు కళకళలాడుతున్నాయి. ద్వారంలో మాత్రం రైల్వే స్టేషనే ముఖ్యంగా తేలింది, నేలకి చాలా ఎత్తున కాంక్రీటు స్తంభాల మీద రైళ్ళు ఆగే స్టేషన్, 1981లో తెరిచారు. పాత బజారుని టాంగే ముట్టుకోలేదు, దాన్ని సెంటరుతో కలపడానికే చూశాడు. ఈ విషయం తక్కువమంది చెబుతారు గానీ, అలాంటి భారీ ఆధునిక ప్లాన్లలో పాత బజారుని తుడిచిపెట్టేయడం ఆ రోజుల్లో మామూలే కాబట్టి ఇది చిన్న సంగతేం కాదు.

ప్లాను మొత్తం అమలు కాలేదు. డబ్బు తగ్గింది, ఊపు తగ్గింది. అయినా ఆ పదిహేను ఇరవై ఏళ్ళలో ఊళ్ళో లేచిన భవనాలు చూస్తే ఒక తరం ఆర్కిటెక్టులకి పండగలా అనిపించి ఉండాలి. గెయోర్గి కాన్‌స్తాంతినోవ్‌స్కి అమెరికాలో యేల్‌లో పాల్ రుడాల్ఫ్ దగ్గర చదువుకుని వెనక్కొచ్చి నగర దస్తావేజుల భవనమూ, గోత్సే దెల్చెవ్ విద్యార్థి వసతిగృహమూ కట్టాడు. హాస్టలంటే నాలుగు కాంక్రీటు టవర్లు, పైన గాల్లో వాటిని కలిపే వంతెనలు. యాంకో కాన్‌స్తాంతినోవ్ నది ఒడ్డున ప్రధాన తపాలా కార్యాలయం కట్టాడు, గుండ్రటి హాలు, దాని చుట్టూ పువ్వు రేకుల్లా బయటికి వంగి లేచే కాంక్రీటు పలకలు, లోపల గోడల నిండా బొర్కో లాజెస్కి చిత్రాలు. స్లొవేనియా ఆర్కిటెక్టులు కట్టిన ఒపెరా, బాలే భవనం తెల్లటి వాలు పలకలతో నది వైపు జారుతున్నట్టుంటుంది. జివ్కో పొపొవ్‌స్కి 1973లో కట్టిన నగర వ్యాపార కేంద్రాన్ని అందరూ పొడి అక్షరాల్లో ‘గేటేసే’ (GTC) అంటారు, అది మాల్ అయినా తలుపులూ గోడలూ లేని మాల్, నాలుగు వైపుల నుంచీ వీధులు లోపలికి వచ్చి వరండాలుగా డాబాలుగా మారతాయి, ఏమీ కొనకపోయినా గంటలు గడపొచ్చు. 2018లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం యుగోస్లావియా ఆర్కిటెక్చర్ మీద పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు స్కోప్యేకి అందులో ప్రత్యేక స్థానం ఇచ్చింది.

తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక చిన్న లంకె ఉంది. 2016లో అమరావతి ప్రభుత్వ భవనాల పోటీలో మొదట ఎంపికైన ఫుమిహికో మాకీ, టోక్యోలో ఇదే టాంగే దగ్గర చదువుకున్నవాడు. ఆ డిజైన్ తర్వాత పక్కనపెట్టి ఫోస్టర్ సంస్థకి ఇచ్చారు, అదంతా మనకి తెలిసిందే. స్కోప్యేలో నాకు ముఖ్యంగా అనిపించేది, మాస్టర్ ప్లాను బయటివాళ్ళది అయినా ఒక్కొక్క భవనం ఆ నేల మీది ఆర్కిటెక్టుల చేతికే ఎక్కువగా వెళ్ళడం. కొందరిని స్కాలర్‌షిప్పులిచ్చి బయటికి పంపారు, తిరిగొచ్చి వాళ్ళు కట్టారు. రాజధాని డిజైన్ అనగానే విదేశీ పేరా, మన పేరా అని మాత్రమే మనం కొట్టుకుంటుంటే ఆ మధ్యదారి గురించి ఎవరూ మాట్లాడరు.

మరి ఇంత చరిత్ర ఉన్న కాంక్రీటుని అదే ఊరు ఎందుకు కప్పేసుకుంది? దీనికి జవాబు దేశం పేరు గొడవలో ఉంది. 1991లో స్వతంత్రం వచ్చినప్పటినుంచీ పక్కనున్న గ్రీసు, మాసిడోనియా అనే పేరు మాది, అలెగ్జాండర్ మావాడు, మీరు ఆ పేరు పెట్టుకోవడానికి వీల్లేదు అంది. ఐక్యరాజ్యసమితిలో కూడా ఈ దేశం ‘పూర్వపు యుగోస్లావ్ మాసిడోనియా రిపబ్లిక్’ అనే తాత్కాలిక పేరుతోనే 1993లో చేరాల్సి వచ్చింది. మరోపక్క బల్గేరియా మీ భాష మా భాషే అంటుంది, సెర్బియా చర్చి మీ చర్చిని చాలాకాలం గుర్తించలేదు. 2008లో బుకారెస్టులో జరిగిన నాటో సమావేశంలో గ్రీసు అడ్డుపడి చేరనివ్వలేదు. ప్రధాని నికోలా గ్రుయెవ్‌స్కి ప్రభుత్వం అప్పుడు ఎదురు తిరిగే దారి పట్టింది. విమానాశ్రయానికి అలెగ్జాండర్ పేరు అంతకుముందే పెట్టేసింది, ఇక హైవేకి అలెగ్జాండర్ పేరు, స్టేడియానికి ఆయన తండ్రి ఫిలిప్ పేరు. 2010 ఫిబ్రవరిలో ఒక త్రీడీ వీడియో విడుదల చేశారు, అందులో ఊరి సెంటరంతా స్తంభాలతో, విగ్రహాలతో, గుమ్మటాలతో కళ్ళు చెదిరేలా కనిపించింది. ‘స్కోప్యే 2014’ ప్రాజెక్టు అంటే అదే.

మొదట 8 కోట్ల యూరోలు అన్నారు. తర్వాత పరిశోధనాత్మక పాత్రికేయులు ఒక్కో కాంట్రాక్టు కాగితం తవ్వి లెక్క కడితే 60 కోట్లు దాటింది. ఇరవై లక్షల జనాభా, అప్పటికి నూటికి ముప్పైమందికి పైగా నిరుద్యోగులు ఉన్న దేశం అది. 2011లో చౌరస్తాలో గుర్రం మీది అలెగ్జాండర్ నిలబడ్డాడు, పీఠంతో కలిపి ఇరవై మీటర్లకి పైనే ఎత్తు, కింద ఫౌంటెన్లు, సంగీతం. గ్రీసుతో తగాదా ముదరకూడదని అధికారిక పేరు మాత్రం ‘గుర్రం మీది యోధుడు’ అని పెట్టారు. వంతెన అవతల ఫిలిప్. 21 మీటర్ల విజయ తోరణం. నదిలో పాత ఓడల ఆకారంలో రెస్టారెంట్లు. వంతెనల మీద వరుసగా విగ్రహాలు. ఒడ్డున పురావస్తు మ్యూజియం, ఇంకా ప్రభుత్వ కార్యాలయాలు, ఒపెరా భవనం నదికి కనబడకుండా అడ్డంగా.

కొత్తగా కట్టినవి ఒక ఎత్తు, ఉన్నవాటికి చేసిన పని ఇంకో ఎత్తు. పాత ఇంటి ముందు గోడకి కొత్త ఎలివేషన్ పెట్టించినట్టు, కాంక్రీటు భవనాల మీద ఇనుప ఫ్రేములు బిగించి, థర్మాకోల్, జిప్సం బోర్డు, పల్చటి ప్లాస్టరింగ్‌తో స్తంభాలూ నగిషీలూ అతికించారు. పేతార్ ములిచ్‌కోవ్‌స్కి 1970లో కట్టిన కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కార్యాలయం, ఇప్పటి ప్రభుత్వ భవనం, పల్చగా పరుచుకున్న సాదా కాంక్రీటు, దానికి తెల్లటి స్తంభాలు తొడిగితే అమెరికా శ్వేతసౌధాన్ని తలపించే రూపం వచ్చింది. స్తంభం అంటే బరువు మోయాలి. ఇక్కడ భవనమే స్తంభాన్ని మోస్తోంది. ఏళ్ళు తిరక్కుండానే పూత పగుళ్ళిచ్చి ఊడడం కూడా మొదలైంది.

దీన్నంతా బరోక్ శైలి, అంటే ఆడంబరమైన అలంకారాలతో నిండిన పాత యూరప్ శైలి, అని ప్రచారం చేశారు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో వియన్నాలోనూ రోములోనూ బరోక్ వెలిగిపోతున్నప్పుడు స్కోప్యే ఒట్టోమన్ల ఊరు, ఆ శైలి ఇక్కడికి రానే లేదు. ఆ వియన్నా నుంచి వచ్చిన సైన్యం 1689లో ఇక్కడ మిగిల్చింది బూడిద. అంటే ఈ ప్రాజెక్టు పోయినదాన్ని తిరిగి తెచ్చింది కాదు, ఎప్పుడూ లేనిదాన్ని తెచ్చి ఉండేదని చెప్పింది. కట్టడాలంటే ఇష్టమున్న నాలాంటివాళ్ళకి మింగుడుపడనిది ఇదే.

అయితే దీన్ని ఇష్టపడినవాళ్ళని తెలివితక్కువవాళ్ళు అనేయడం అన్యాయం. భూకంపం తర్వాత బూడిద రంగు భవనాల మధ్య పెరిగి, వాటికి ఏళ్ళ తరబడి రంగూ రిపేరూ లేక మరకలు పడుతుంటే చూసి, మీ పేరు మీది కాదు, మీ భాష మీది కాదు అని పక్క దేశాల నుంచి వింటూ ఉన్నవాళ్ళకి, చౌరస్తాలో ఒక పెద్ద విగ్రహం లేస్తే గుండె ఉప్పొంగదా? పర్యాటకులూ వచ్చారు, ఫోటోలు తీసుకున్నారు. దేశంలో పావు వంతు ఉన్న అల్బేనియన్లకి మాత్రం ఈ విగ్రహాల్లో తమవాళ్ళు పెద్దగా కనబడలేదు, వాళ్ళు వంతెనకి ఉత్తరాన తమ జాతీయ వీరుడు స్కాండర్‌బెగ్ పేరుతో చౌరస్తా కట్టుకున్నారు. 2001లో రెండు వర్గాల మధ్య సాయుధ ఘర్షణ జరిగి ఒప్పందంతో ఆగిన దేశంలో, నదికి అటొక కథ, ఇటొక కథ రాతితో పోతపోసినట్టయింది.

ఎదురుచెప్పినవాళ్ళలో అందరికంటే ముందున్నది ఆర్కిటెక్చర్ విద్యార్థులు. ప్రాజెక్టు ప్రకటించకముందే, 2009 మార్చిలో, చౌరస్తాలో చర్చి కడతారన్న ప్రతిపాదనకి వ్యతిరేకంగా వాళ్ళు నిలబడితే, ఎదురుగా వచ్చిన గుంపు వాళ్ళని కొట్టింది. తర్వాత గేటేసేకి కూడా బరోక్ తొడుగు వేస్తారని తెలిసినప్పుడు జనం ఒకరి చేతులొకరు పట్టుకుని ఆ భవనం చుట్టూ నిలబడి దాన్ని కౌగిలించుకున్నారు. 2015 ఏప్రిల్‌లో దాని మీద స్థానిక రిఫరెండం పెట్టారు. ఓటేసినవాళ్ళలో అత్యధికులు ఉన్నది ఉన్నట్టే ఉంచమన్నారు, కానీ పోలింగ్ యాభై శాతానికి చేరలేదని ఫలితం చెల్లలేదు. అయినా భవనం తొడుగు తప్పించుకుంది. ఒక షాపింగ్ సెంటరు ఎలివేషన్ మార్చవద్దని ఓటేయడానికి వేలమంది వచ్చారంటే అది వాళ్ళ ఇళ్ళలో ఒక గది లాంటిదయిపోయిందని అర్థం. 2016లో ప్రభుత్వ వ్యతిరేక ఉద్యమం వచ్చినప్పుడు నిరసనకారులు విజయ తోరణం మీదా, తెల్లటి ముఖద్వారాల మీదా రంగులు నింపిన బెలూన్లు విసిరారు, అందుకే దాన్ని రంగుల విప్లవం అన్నారు.

ప్రభుత్వం మారింది. 2018లో ప్రాజెక్టు ఆపేస్తున్నామని ప్రకటించారు, విమానాశ్రయం నుంచి అలెగ్జాండర్ పేరు తీశారు, అదే ఏడాది జూన్‌లో గ్రీసుతో ప్రెస్పా ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం దేశం పేరు మారింది, అలెగ్జాండర్, ఫిలిప్ విగ్రహాల దగ్గర ఇవి ప్రాచీన గ్రీకు చరిత్రకి చెందినవని చెప్పే ఫలకాలు పెట్టారు. 2020లో దేశం నాటోలో చేరింది. ఏ గొడవకి జవాబుగా ఆ విగ్రహాలు లేచాయో ఆ గొడవ కాగితం మీద తీరింది, విగ్రహాలు మాత్రం ఉన్నాయి.

కాంక్రీటు భవనాల పరిస్థితే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. తపాలా కార్యాలయం గుండ్రటి హాలు 2013లో అంటుకుని కాలిపోయింది, లాజెస్కి చిత్రాలు దెబ్బతిన్నాయి, ఏళ్ళ తరబడి అది అలాగే మసిబారి ఉండిపోయింది. వసతిగృహం మరమ్మతుల్లేక చాలా కాలం పాడుబడింది. బజారుకి ప్రేమగా చూసుకునే జనం ఉన్నారు, బయటి నిధులూ వస్తాయి. స్తంభాలకి ఒక పార్టీ అండ ఉంది. 1960ల కాంక్రీటుని పట్టించుకునేది ఆర్కిటెక్టులూ, కొందరు ఊరివాళ్ళూ, బయటినుంచి కెమెరాలతో వచ్చేవాళ్ళూ. ఆ భవనాలకి చట్టపరమైన వారసత్వ రక్షణ పక్కాగా ఇవ్వడం మొదట జరగాల్సిన పని. విగ్రహాలు కూల్చేయమని నేను అనను, ఈ ఊళ్ళో కూల్చడం ఇప్పటికే చాలా జరిగింది, బుర్మాలి ప్లాటు చూశాం కదా. తొడుగుల సంగతి వేరు. అవి ఎలాగూ ఊడుతున్నాయి, ప్రతి కొన్నేళ్ళకీ వాటి మీద ప్రజల డబ్బు పోసి మళ్ళీ పూత వేయడం కంటే, లోపలి కాంక్రీటు గట్టిగా ఉన్న చోటల్లా ఒక్కొక్కటిగా విప్పేసి, ఆ డబ్బుని కాలిపోయిన తపాలా హాలు మీద పెట్టడం మంచిది. ప్రభుత్వ భవనంతోనే మొదలుపెట్టొచ్చు, ములిచ్‌కోవ్‌స్కి కట్టింది ఇంకా ఆ స్తంభాల వెనకాలే ఉంది.